ఎడమ చేతి చూపుడువేలు

పదకొండేళ్లు.
ఎన్ని పోట్లో లెక్క నాకొద్దు గానీ
పొందూరులో దాలమ్మ కుడిచేతి మూడు వేళ్లూ
నా వేళ్ల కన్నా నాకు బాగా తెలుసు.
ఉంగరం వేలి అంచు మొద్దుబారింది.
చిటికెన వేలు నెత్తురివ్వడానికి పేచీ పెడుతుంది.
నడిమి వేలు పాపం, పిలవగానే పలుకుతుంది.

ఎడమ చెయ్యి మాత్రం మొదటిరోజే కొంగు కింద దాచేసింది.
"ఇది నూలుదమ్మా, నీది కాదు.
కుడిది రాట్నం తిప్పుతాది,
దానికి సూదైనా ఒకటే, మేకైనా ఒకటే.
ఈ ఏలికి సిన్న గరుకొచ్చిందా
వందో నంబరు నూలు కాస్తా గోనెతాడైపోద్ది."

అప్పుడు నవ్వాను.
ఆ తర్వాతెప్పుడో ఒక మధ్యాహ్నం
ఆమె వడకడం చూశాను.
వాలుగ చేప దవడతో దువ్విన పత్తి
అరటి దొప్పలో పడుకోబెట్టిన ఏకు
గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోయేలా ఉంది.
అందులోంచి దారం వస్తోంది,
వస్తోందని రాట్నం చప్పుడు చెబితేనే తెలుస్తోంది.
ఆమె చూడటం లేదు. శుక్లాలు ముదిరి రెండేళ్లు.
చూపంతా ఆ వేలికొసకి దిగిపోయింది.
చూపుడువేలని ఎందుకంటారో
ఈ ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకి తెలిసింది.

మొన్న మంగళవారం
ఉపకేంద్రానికి కొత్త మిషన్ వచ్చింది, సబ్బుపెట్టంత.
దాన్ని తెచ్చిన కుర్రాడు హేమసుందర్
"సూది లేదు, నెత్తురు లేదు,
వెలుగే లోపలికెళ్లి చూసొస్తుంది" అన్నాడు.
"ఇంకా పరీక్షల్లోనే ఉంది" అని కూడా అన్నాడు,
అది కాస్త మెల్లగా.
వరండా నిండా అరవై దాటినవాళ్లు.
రాపాక నుంచి వచ్చిన తాత
పొద్దున్నే బెల్లం ముక్క తిన్నానని ముందే ఒప్పేసుకున్నాడు,
వెలుగు దగ్గర దాపరికం దేనికని.

దాలమ్మ నడిమి వేలు పెట్టింది.
మిషన్ కాసేపు ఆలోచించి మళ్లీ పెట్టమంది.
ఉంగరం వేలు. మళ్లీ.
చిటికెన వేలు. మళ్లీ.
"చర్మం కాయ కాసిపోయింది మేడమ్, వెలుగు దూరట్లేదు."
నా మొహం ఎక్కడ పెట్టుకోను?
ఆ కాయల్లో కొన్ని రాట్నానివి.
మిగిలినవి నావి.

"సూది నేదని ఒట్టేసి సెప్పు గుంటా."
"లేదు."
"పొడవదు?"
"పొడవదు."
కొంగు కదిలింది.

పదకొండేళ్లలో మొదటిసారి ఆ వేలు పట్టుకున్నాను.
కదురుకి రాసిన ఆముదం వాసన.
గీతలన్నీ అరిగి నున్నగా ఉంది,
రేషన్ బియ్యం దగ్గర ముద్ర పడక
నెలనెలా తగువు తెచ్చేది ఇదేనట.
మిషన్ మూత మూసుకుంది.
గోరు చుట్టూ ఎర్రగా వెలుగు లేచింది.
"ఓలమ్మా! నాను లోపల ఇంత ఎర్రగున్నానేటి!"
డెబ్బై మూడేళ్ల మనిషి
తన వేలిని తానే తిప్పితిప్పి చూసుకోబోతే
కదపొద్దని హేమసుందర్ బతిమాలాడు.

నూట ఎనభై ఎనిమిది.

"ఒక్కసారి సూదితో సరిచూడాలి, రూలు" అన్నాడతను,
నా వైపు చూడకుండా.
నేనింకా సంచీ తెరవలేదు.
కుడి నడిమి వేలు వచ్చి నా ముందు నిలబడింది.
రెండు వందల ఒకటి.

"పదమూడు తేడా" అని రాసుకున్నాడు.
దాలమ్మ దూది అదుముకుంటూ అతన్ని జాలిగా చూసింది.
"పదమూడు పోగులు తేడా వస్తే
సంఘంలో సిలప ఎనక్కిచ్చేస్తారు బాబూ.
నువ్వింకా వడకాల."

రిజిస్టర్‌లో రెండు అంకెలూ పక్కపక్కనే రాశాను.
గడి ఒక్కదానికే ఉంది, ఇరుకైంది.
తలెత్తితే
ఆమె రాపాక తాతతో బెల్లం సంగతి మాట్లాడుతోంది,
ఎడమ చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది,
దాచడం మరిచిపోయింది.
నేను గుర్తు చెయ్యలేదు.